పెద్దపేగు కేన్సరు: తాతముత్తాతల వాటా ఎంత?

నందిగామ దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె తండ్రి 46వ ఏట "కడుపులో రాచపుండు"తో పోయారు. మేనత్తకు గర్భసంచి కేన్సరు వచ్చింది. ఇప్పుడు 48 ఏళ్ళ అన్నయ్యకు పెద్దపేగు కేన్సరని తేలి, విజయవాడలో ఆపరేషను అయింది. బంధువుల అబ్బాయి ఒకడు ఏదో చదివి, "రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువుల్లో తేడాలుంటే పేగు కేన్సరు వస్తుందట, ఉమ్మి పంపిస్తే పరీక్ష చేసి చెబుతారట" అంటున్నాడు. ఆ పరీక్షకు వేలల్లో ఖర్చు. ఇంతలో ఆమె కూతురిని అన్నయ్య కొడుక్కి ఇచ్చే మాట ఒకటి ఇంట్లో నడుస్తోంది. "ఇది మా వంశానికి శాపమా డాక్టరుగారూ? పరీక్ష చేయించాలా? పెళ్ళి మాట మానుకోవాలా?" అని ఆమె అడిగారు.

మూడూ మంచి ప్రశ్నలే. ఒక్కొక్కటే చూద్దాం. ఇది ఆ ఒక్క కుటుంబానికే కాదు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లోనూ మరెక్కడైనా ఇలాంటి దిగులుతో ఉన్న ప్రతి ఇంటికీ పనికివచ్చే విషయం.

కల్లం కాపలా

మెట్ట ప్రాంతంలో మిరప పండించే వారికి కల్లం కాపలా అంటే వేరే చెప్పనక్కరలేదు. ఎర్రగా పండిన కాయ కల్లంలో ఆరబోసి ఉంటుంది. కాపలావాడు నిద్రపోతు అయితే దొంగలు పడతారు. అలాగని ఆకు కదిలినా కర్ర తీసుకుని కల్లమంతా తొక్కుతూ పరిగెత్తే వాడైతే, దొంగలు ఎత్తుకుపోయే దానికన్నా వాడి కాళ్ళ కింద నలిగేదే ఎక్కువ.

మన పెద్దపేగులో రోగనిరోధక వ్యవస్థ పని సరిగ్గా ఇలాంటిదే. పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో చాలా భాగం మనకు మేలు చేసేవే. వాటి జోలికి పోకుండా ఊరుకోవాలి. చెడ్డవి వస్తే పట్టుకోవాలి. దారి తప్పి కేన్సరుగా మారబోతున్న మన సొంత కణాన్ని కూడా గుర్తుపట్టి చంపాలి. ఎంత సున్నితమైన పనో చూడండి.

ఈ పనికి మూడు రకాల ఉద్యోగులున్నారు. మొదటివారు ఆనవాలు పట్టేవారు. కణాల మీద, కణాల లోపల ఉండి, ఎదురైనది సూక్ష్మజీవి అని పసిగట్టే అణువులివి. వీటిలో ముఖ్యమైనవాటిని టోల్ గ్రాహకాలు అంటారు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలో మొదట కనిపెట్టిన టోల్ అనే జన్యువు పేరే వీటికి వచ్చింది. ఈ పరిశోధనలకు 2011లో నోబెల్ బహుమతి లభించింది. నాడ్-2 అనేది కూడా ఈ తెగలోదే. రెండోవారు కబురు మోసేవారు. ఇంటర్‌ల్యూకిన్లు, టి.ఎన్.ఎఫ్. అనే రసాయనాలు "మంట పెట్టండి" అనో, "ఇక చాలు, ఆర్పండి" అనో కబురు చేరవేస్తాయి. మూడోవారు పోలీసులు. దారి తప్పిన కణాలను చంపే తెల్ల రక్తకణాలు, వాటికి నిందితుణ్ణి చూపించే హెచ్.ఎల్.ఏ. అణువులు ఈ కోవలోకి వస్తాయి.

వీటన్నిటినీ తయారు చేసే సూచనలు జన్యువుల్లో ఉంటాయి. ఆ సూచనలు మనిషికీ మనిషికీ అక్షరం తేడాతో ఉంటాయి. ఒకరి కాపలావాడు కాస్త మందకొడి. మరొకరి కాపలావాడు కాస్త దుడుకు. పేగులో మంట ఏళ్ళ తరబడి ఆరకుండా రగులుతుంటే, అక్కడి కణాలు మాటిమాటికీ చచ్చి మళ్ళీ పుడుతుంటాయి. పుట్టిన ప్రతిసారీ జన్యువుల ప్రతి రాసుకోవాలి. మంటలో పుట్టే రసాయనాలు ఆ ప్రతిని కాల్చి తప్పులు పెడతాయి. తప్పులు పోగుపడితే కేన్సరుకు దారి తీస్తుంది. ఇది ఊహ కాదు. అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధిలో పెద్దపేగు లోపలి పొర ఏళ్ళ తరబడి పుండు పడి, చీము నెత్తురు విరేచనాలవుతాయి. అలాంటివారికి పెద్దపేగు కేన్సరు ముప్పు ఎక్కువని చాలా కాలంగా తెలుసు. అందుకే ఆ వ్యాధి మొదలైన ఎనిమిది, పదేళ్ళ తర్వాత క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకోమంటారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: అవును, రోగనిరోధక జన్యువుల తేడాలకు పేగు కేన్సరుతో సంబంధం ఉంది. ఆ అబ్బాయి చదివినది అబద్ధం కాదు. అయితే అసలు తిరకాసు "ఎంత?" అన్న దగ్గరుంది.

సంబంధం ఉంది, కాని ఎంత?

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో 44 వేలకు పైగా కవల జంటలను పరిశీలించి 2000లో ఒక నివేదిక ప్రచురించారు. పెద్దపేగు కేన్సరు రావడంలో మనుషుల మధ్య కనబడే తేడాలో సుమారు 35 శాతం వారసత్వం వల్లనని అందులో లెక్క తేలింది. మిగిలినది తిండి, పొగ, తాగుడు, వ్యాయామం, సూక్ష్మజీవులు, అదృష్ట దురదృష్టాలు.

ఆ 35 శాతం ఎక్కడ దాగుందని వెతికితే ఒక్కచోట కనబడలేదు. 2023లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో లక్ష మంది రోగులను, లక్షన్నర మంది ఆరోగ్యవంతులను పోల్చారు. ముప్పుతో ముడిపడిన చోట్లు 205 దొరికాయి. వాటిలో కొన్ని రోగనిరోధక వ్యవస్థకు చెందినవే. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన మార్థా స్లాటరీ బృందం ఇంటర్‌ల్యూకిన్ల వంటి జన్యువుల తేడాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ తేడాల ప్రభావం ఒంటరిగా కాక, మనిషి పొగ తాగడం, తిండి, ఆస్పిరిన్ వాడకం వంటి వాటితో కలిసి ఎలా మారుతుందో వారు పరిశీలించారు.

ఇలాంటి ఒక్కో తేడా వల్ల పెరిగే ముప్పు సాధారణంగా పదో, ఇరవయ్యో శాతం. వినడానికి ఇరవై శాతం పెద్దగానే ఉంటుంది. లెక్క చేసి చూడండి. మన దేశంలో 75 ఏళ్ళ లోపు పెద్దపేగు కేన్సరు వచ్చేవారు వందమందిలో ఒక్కరికన్నా తక్కువ. ఆ ఒక్కరికన్నా తక్కువకు ఇరవై శాతం కలిపితే ఎంత? ఇంకా సుమారు ఒక్కరే. దీనికోసం వేలు పోసి, రాత్రిళ్ళు నిద్ర మానుకోవాలా?

ఐరోపా కొలతకు కుట్టిన చొక్కా

ఇంకొక చిక్కుంది. ఇలాంటి పరీక్షలకు ఆధారమైన పరిశోధనలు ఎక్కువ భాగం ఐరోపా సంతతివారి మీద జరిగినవి. ఆ తర్వాత చైనా, జపాన్, కొరియా ప్రజల మీద. వారి కొలతలకు కుట్టిన చొక్కా మనకు సరిపోతుందా?

నాడ్-2 సంగతే తీసుకోండి. ఈ జన్యువులో కొన్ని తేడాలుంటే పేగులో క్రాన్స్ అనే దీర్ఘకాలిక మంట వ్యాధి వచ్చే ముప్పు ఎక్కువని 2001లో పాశ్చాత్య దేశాల్లో తేలింది. పెద్ద సంచలనమైంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి మన రోగుల్లో అదే సంగతి పరిశీలించి 2011లో ప్రచురించారు. ఐరోపావారిలో అంత ముఖ్యమైన ఆ తేడాలకు మన రోగుల పేగు మంట వ్యాధితో సంబంధం కనబడలేదు. అంటే ఆ తేడాలు లేవని రిపోర్టు వచ్చినంత మాత్రాన మనవాళ్ళు నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

పోనీ ఆ వ్యాధి మన దగ్గర లేదా అంటే, ఉంది. అదే సంస్థ వైద్యులు 30 వేల మందికి పైగా రోగులను పట్నాల్లోనూ పల్లెల్లోనూ పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పేగు మంట వ్యాధి పట్నంవాళ్ళకే వస్తుందనుకునేవాళ్ళం. పల్లెల్లోనూ దాదాపు అంతే కనబడింది.

కేన్సరు విషయంలోనూ అంతే. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థలో మురళి బాష్యం బృందం చిన్న వయసులో పెద్దపేగు కేన్సరు వచ్చిన భారతీయ రోగుల కణితులను పరిశీలించి 2014లో ప్రచురించింది. పుస్తకాల్లో రాసిన దారి కాక, మరేదో దారిన వచ్చిన కణితులు, ముఖ్యంగా మలాశయంలోవి, వాటిలో గణనీయంగా ఉన్నాయని వారు చెప్పారు. మన పేగుల పుస్తకం మనమే రాసుకోవలసి ఉందన్నమాట.

కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు: ఉమ్మి పంపి రోగనిరోధక జన్యువుల జాతకం రాయించుకోవద్దు. ఆ డబ్బు దాచుకోండి. మీకు అవసరమైన పరీక్ష వేరే ఉంది.

అసలు చూడవలసిన జన్యువులు

1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కుట్టుపని చేసుకునే పాలిన్ గ్రాస్ అనే యువతి డాక్టర్ ఆల్డ్రెడ్ వార్తిన్‌తో తన దిగులు చెప్పుకుంది. మా ఇంట్లో అందరూ కడుపు, పేగు, గర్భసంచి కేన్సర్లతోనే పోతున్నారు, నేనూ అలాగే పోతాను అన్నది. వార్తిన్ ఆ మాట కొట్టిపారేయలేదు. ఆమె చుట్టపక్కాలందరి వివరాలు రాసుకుని 1913లో ప్రచురించాడు. ఆమె అన్నట్టే గర్భసంచి కేన్సరుతో మరణించింది. తర్వాత 1966లో డాక్టర్ హెన్రీ లించ్ అలాంటి కుటుంబాలనే మళ్ళీ లోకం దృష్టికి తెచ్చాడు. 1993, 1994 సంవత్సరాల్లో దోషం ఉన్న జన్యువులు దొరికాయి. ఇప్పుడు దీన్ని లించ్ సిండ్రోమ్ అంటున్నాం.

ఈ జన్యువులు కాపలావాళ్ళు కావు. ప్రూఫులు దిద్దేవాళ్ళు. కణం తన డి.ఎన్.ఏ. ప్రతి రాసుకునేటప్పుడు పడే అచ్చుతప్పులను ఇవి దిద్దుతాయి. ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2 అని వీటి పేర్లు. మొదటి రెండిట్లో ఏదైనా చెడిపోయి పుట్టినవారికి జీవితకాలంలో పెద్దపేగు కేన్సరు వచ్చే అవకాశం వందకు 40 నుంచి 50 దాకా ఉంటుంది. చివరి రెండిట్లో అంతకన్నా బాగా తక్కువ. ఆడవారికి గర్భసంచి కేన్సరు ముప్పు కూడా ఉంటుంది. ఇందాక చెప్పిన ఇరవై శాతానికీ దీనికీ పోలికే లేదు. అది తుంపర, ఇది మున్నేరు వరద.

చిత్రమేమిటంటే, ఇక్కడ కూడా కథ చివరకు రోగనిరోధక శక్తి దగ్గరికే వస్తుంది. ప్రూఫులు దిద్దేవాడు లేక ఆ కణితుల్లో అచ్చుతప్పులు కుప్పలుగా పడతాయి. తప్పుల అచ్చుతో వింత ప్రొటీన్లు తయారవుతాయి. వింత ముఖాన్ని పోలీసు సులభంగా గుర్తుపడతాడు గదా! అందుకే ఈ రకం కణితిని సూక్ష్మదర్శినిలో చూస్తే చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి కనిపిస్తాయి. కణితి వాటికి కళ్ళెం వేసి ఆపుతుంది. ఆ కళ్ళెం తెంచే మందులు వచ్చాయి. వాటికి పునాది వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హొంజో అనే శాస్త్రవేత్తలకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 2022లో న్యూయార్కులోని ఒక కేన్సరు ఆసుపత్రి వైద్యులు ఈ రకం మలాశయ కేన్సరున్న 12 మందికి అలాంటి మందు ఒక్కటే ఇచ్చారు. పన్నెండుమందిలోనూ కణితి కనబడకుండా పోయింది. ఆపరేషను అవసరం రాలేదు. ఈ మందుల ఖరీదు సామాన్యుడికి ఇంకా అందుబాటులో లేదన్నది నిజం. అయినా కణితి ఈ రకందా కాదా అని తెలుసుకోవడం వైద్యానికి ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇంటి లెక్క: మూడు, రెండు, ఒకటి

మీ వంశంలో ఈ దోషం ఉందేమోనని అనుమానించడానికి ఒక సులువైన లెక్క ఉంది. పెద్దపేగు, గర్భసంచి వంటి కేన్సర్లు దగ్గరి చుట్టాల్లో ముగ్గురికి వచ్చాయా? ఆ ముగ్గురిలో ఒకరు మిగిలిన ఇద్దరికీ తండ్రో, తల్లో, తోబుట్టువో, బిడ్డో అయి ఉన్నారా? వరసగా రెండు తరాల్లో కనబడిందా? కనీసం ఒక్కరికైనా 50 ఏళ్ళ లోపు వచ్చిందా? మూడు, రెండు, ఒకటి. గుర్తు పెట్టుకోండి.

ఉత్తరం రాసిన సోదరి ఇంట్లో తండ్రి, మేనత్త, అన్నయ్య ముగ్గురు. తండ్రి తన చెల్లెలికీ, కొడుక్కీ రక్తసంబంధంలో దగ్గరివాడు. తరాలు రెండు. అన్నయ్య వయసు 48. తండ్రికి వచ్చిన "రాచపుండు" పేగులోదే అయితే లెక్క సరిగ్గా సరిపోయింది. అనుమానించి తీరాలి.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరోగ్యంగా ఉన్న ఆమె దగ్గర కాదు. జబ్బు పడిన అన్నయ్య దగ్గర. ఆపరేషనులో తీసిన కణితి ముక్కను మైనంలో పోసి ఆసుపత్రివారు భద్రపరుస్తారు. ఆ ముక్క మీదే, ప్రూఫులు దిద్దే నాలుగు ప్రొటీన్లూ ఉన్నాయా లేవా అని రంగులు వేసి చూస్తారు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. బయాప్సీ రిపోర్టులో ఈ సంగతి లేకపోతే వైద్యుణ్ణి అడగండి. అడగడం తప్పు కాదు, మీ హక్కు. నాలుగూ ఉంటే లించ్ అనుమానం చాలావరకు తగ్గుతుంది. ఏదైనా లేదని తేలితే అప్పుడు అన్నయ్యకు రక్తంతో జన్యు పరీక్ష చేయించాలి. ఫలానా జన్యువులో ఫలానా చోట తప్పు అని దొరికితే, మిగిలిన కుటుంబానికి ఆ ఒక్క తప్పు ఉందో లేదో చూస్తే చాలు. లేనివారికి ముప్పు మామూలు జనంతో సమానం. వారు హాయిగా నిద్రపోవచ్చు. ఇలాంటి నిశ్చింత ఏ ఉమ్మి జాతకమూ ఇవ్వలేదు.

ఉన్నవారు కూడా బెదరనక్కరలేదు. ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2 దోషం ఉంటే 20-25 ఏళ్ళ వయసు నుంచి ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోవాలి. కేన్సరుగా మారబోయే బుడిపెలను అప్పుడే తీసేస్తారు. ఆడవారు నెలసరిలో తేడాగాని, ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడడంగాని ఏమాత్రం అశ్రద్ధ చేయకూడదు. లించ్ దోషం ఉన్న 861 మందితో జరిపిన ప్రయోగంలో కొందరికి కనీసం రెండేళ్ళ పాటు రోజూ ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. 2011లో, మళ్ళీ 2020లో వెలువడిన ఫలితాల్లో వారిలో పెద్దపేగు కేన్సరు గణనీయంగా తగ్గింది. మంటను ఆర్పే మందుతో కేన్సరు తగ్గడం గమనించదగ్గది. అయితే ఆస్పిరిన్‌తో కడుపులో రక్తస్రావం కావచ్చు. దుకాణంలో కొని వేసుకునే పని కాదు. జన్యు దోషం రుజువైనవారు, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవలసినది.

మేనరికం మాట

ఇక మూడో ప్రశ్న. లించ్ దోషం మేనరికం వల్ల పుట్టేది కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం. బయటి సంబంధం చేసుకున్నా అంతే. "వంశంలో రాచపుండు ఉంది" అని అమ్మాయిని తిరస్కరించడం అజ్ఞానం, అన్యాయం కూడా.

కాని మేనరికంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. దాన్ని దాచడం వైద్యుడిగా నా వల్ల కాదు. దోషం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు వస్తే ఆ బిడ్డకు ప్రూఫులు దిద్దేవాడు పూర్తిగా లేనట్టే. పసితనంలోనో, పిల్లవయసులోనో మెదడు, రక్తం, పేగు కేన్సర్లు రావచ్చు. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు దీనికి ఒక సూచన. చాలా అరుదు. కాని ఇలాంటి కుటుంబంలో మేనరికం చేస్తే ఆ అరుదు కాస్త దగ్గరకు వస్తుంది.

లెక్క చూడండి. అన్నయ్యకు దోషం ఉందని తేలిందనుకుందాం. ఆయన కొడుక్కి ఉండే అవకాశం రెండింట ఒకటి. సోదరికి రెండింట ఒకటి, ఆమె కూతురికి నాలుగింట ఒకటి. అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు దోషాలూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పరీక్ష చేయకుండా చూస్తే మొత్తం మీద 32లో ఒకటి. పరీక్ష చేస్తే ఈ లెక్కలన్నీ పోయి, ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా ఈ ప్రమాదం సున్న.

కాబట్టి నా సలహా: ముందు అన్నయ్య కణితి పరీక్ష, ఆపైన అవసరమైతే జన్యు పరీక్ష. ఆ తర్వాతే ముహూర్తం. పిల్లలిద్దరూ వయసు వచ్చినవారు. పరీక్ష చేయించుకోవడమా మానడమా అన్నది వారి ఇష్టం కూడా. బలవంతం చేయకండి. ఫలితాన్ని ఊరంతా చెప్పకండి. ఫలితం ఏదైనా జన్యు సలహాలు ఇచ్చే వైద్యునితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఇది శాపం కాదు, ఎవరి పాపమూ కాదు. ఒక అక్షరం అచ్చుతప్పు మాత్రమే.

వంశంలో లేనివారి సంగతి

పెద్దపేగు కేన్సరు వచ్చినవారిలో లించ్ దోషం ఉన్నవారు వందకు సుమారు ముగ్గురే. మిగిలినవారిలో చాలామంది వంశంలో ఏమీ ఉండదు. 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 70 వేల మందికి ఈ కేన్సరు వచ్చిందని అంచనా. పాశ్చాత్య దేశాల కన్నా మన దగ్గర ఇది తక్కువే. కాని మన రోగులు చాలామంది ముదిరిన తర్వాత వస్తారు. కారణం ఒకటే మాట: "మొలలేలే!"

విరేచనంలో రక్తం పడితే మొలలని మీరే తీర్మానించకండి. మొలలు ఉన్న మనిషికి కేన్సరు రాకూడదని ఎక్కడా లేదు. బోర్డు చూసి ఇంజెక్షను వేయించుకునే ముందు చదువుకున్న వైద్యుని చేత వేలితో పరీక్ష చేయించుకోండి. సిగ్గు పడవలసిన పని కాదు. రెండు నిమిషాలు పట్టదు. ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చేస్తారు. మలాశయం కింది భాగంలోని కణితులు చాలావరకు వేలికి తగులుతాయి.

ఈ లక్షణాలు మూడు వారాలు దాటితే ఆగవద్దు: విరేచనంలో రక్తం లేదా జిగురు, ఎన్నడూ లేని మలబద్ధకం లేదా విరేచనాలు, లేదా రెండూ మార్చి మార్చి రావడం, వెళ్ళి వచ్చినా ఇంకా మిగిలిందనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం. మగవారికిగాని, ముట్లుడిగిన ఆడవారికిగాని రక్తం తగ్గిందని తెలిస్తే టానిక్కు సీసా కొని ఊరుకోకండి. రక్తం ఎక్కడికి పోతున్నదో వెతకాలి.

తండ్రికో, తల్లికో, తోబుట్టువుకో ఒక్కరికే వచ్చి ఉంటే మీ ముప్పు మామూలు కన్నా సుమారు రెట్టింపు. అలాంటివారు 40వ ఏటగాని, వారికి జబ్బు తేలిన వయసుకు పదేళ్ళ ముందుగాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవడం మంచిది. నందిగామ నుంచి విజయవాడ 50 కిలోమీటర్లు. జగ్గయ్యపేట నుంచి 80 లోపే. పెళ్ళి బట్టలకు పోయినంత దూరం. కేన్సరని తేలితే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషన్ పొందవచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కేన్సరు విభాగం ఉంది. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

రోగనిరోధక శక్తి పెంచే పొడులు

కడగా ఒక మాట. "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని రాసిన సీసాలు, పొడులు ఇప్పుడు కిరాణా కొట్లలో కూడా దొరుకుతున్నాయి. కల్లం కాపలావాడి సంగతి గుర్తు తెచ్చుకోండి. వాడికి కావలసింది బలం కాదు, నిదానం. పేగులో ఆ నిదానం నిలిపేది పొడులు కాదు. పీచు ఉన్న తిండి: జొన్నలు, పొట్టు తీయని ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, కాయగూరలు. పేగులోని మంచి సూక్ష్మజీవులు ఆ పీచును తిని, మంటను చల్లార్చే ఆమ్లాలను తయారు చేస్తాయి. రోజూ నడక, ఒళ్ళు పెరగకుండా చూసుకోవడం కూడా రక్షణే. సిగరెట్టు, బీడీ, సారా ముప్పు పెంచుతాయి. ఉప్పు పట్టించి, పొగబెట్టి నిలవ చేసిన మాంసం కేన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది. మేకమాంసం, గొర్రెమాంసం మానక్కరలేదు, మితంగా తినండి.

ఈ వారం ప్రతి ఇంట్లోనూ ఒక పని చేయమని కోరుతున్నాను. ఒక కాగితం మీద తాతల నుంచి మనవల దాకా పేర్లు రాయండి. తండ్రి వైపే కాదు, తల్లి వైపు కూడా. ఎవరు ఏ జబ్బుతో, ఏ వయసులో పోయారో పక్కన రాయండి. "కడుపులో పుండు", "రక్తం పడి పోయింది" అని పెద్దలు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. సంబంధాలు చెడతాయని దాచకండి. ఆ కాగితాన్ని భూమి పట్టాల పక్కనే భద్రపరచి, డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళండి. ఆస్తి ఎవరికి ఎంత వచ్చిందో రాసుకుంటాం గదా, ఇదీ అంతే.